మరచిపోయే అమ్మ మాట చెల్లుతుందా?

మన కొండ ఊళ్ళల్లో ఒకప్పుడు క్యాన్సర్ అంటే చావుకు ఇంకో పేరు. ఇప్పుడు అంత లేదు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక ఘాట్ రోడ్డు దిగి విశాఖపట్నం పోయి, ఆపరేషన్ చేయించుకుని, కీమో ఎక్కించుకుని, మళ్ళీ కొండెక్కి ఇంటికి వస్తున్నవాళ్ళు మన మధ్య ఉన్నారు. ఇది సంతోషించాల్సిన మార్పే. అయితే ప్రాణం దక్కించుకుని వచ్చిన మనిషి కొన్నిసార్లు వెళ్ళినప్పటి మనిషిలా ఉండదు. చెప్పిందే మళ్ళీ చెబుతుంది. పొయ్యి మీద అంబలి పెట్టి మరచిపోతుంది. మనవరాలి పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. నలుగురు ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా పట్టుకోలేక లేచి బయటకు వెళ్ళిపోతుంది.

అప్పుడు ఇంట్లో ఒక ప్రశ్న పుడుతుంది. దాన్ని ఎవరూ పైకి అనరు, కానీ అందరూ దాని ప్రకారమే నడుచుకుంటారు. ఈమె మాట ఇకమీద లెక్కలోకి తీసుకోవాలా, వద్దా? ఏ చెక్కలో ఏ విత్తనం వేయాలి, ఏ మేకను అమ్మాలి, పిల్లను ఏ ఊరు ఇవ్వాలి, మళ్ళీ ఆస్పత్రికి పోవాలా మానాలా అన్న మాటల్లో నిన్నటిదాకా ఆమెదే పెద్దరికం. ఇవాళ ఆమె ఎదురుగా కూర్చుని ఉండగానే ఆమె గురించి మిగతావాళ్ళు మాట్లాడుకుంటారు. "ఆమెకేం తెలుసు, మరచిపోతుంది కదా" అంటారు. అన్నవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ మాటతో ఒక మనిషిని ఆమె సొంత ఇంట్లోనే పక్కకు నెట్టేస్తారు.

ఇది డాక్టరు ఒక్కరే తేల్చే ప్రశ్న కాదు. ఇందులో న్యాయం, అన్యాయం ఉన్నాయి. అందుకే మన యువత, మన టీచర్లు దీని గురించి ఆలోచించాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మరచిపోయేవాళ్ళకు తోడుగా గుర్తుంచుకోవడం వేరు, వాళ్ళకు బదులుగా నిర్ణయించడం వేరు. మొదటిది మన బాధ్యత. రెండోది, తప్పనిసరి అయిన కొద్ది చోట్ల తప్ప, మనకు లేని హక్కు.

ఇది పిచ్చి కాదు, చిల్లంగి కాదు

ముందు ఇదేమిటో తెలియాలి. కీమో మందు రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతుంది. జుట్టు రాలడం, వాంతులు, నీరసం అందరికీ కనిపిస్తాయి. తెలివి మీద, జ్ఞాపకం మీద పడే దెబ్బ కనిపించదు. రొమ్ము క్యాన్సర్‌కు వైద్యం చేయించుకున్న ఆడవాళ్ళు చాలా దేశాల్లో దాదాపు ఒకే సంగతి చెబుతూ వచ్చారు. తలలో మంచు పట్టినట్టుంది, కావలసిన మాట దొరకడం లేదు, రెండు పనులు ఒకేసారి చేయలేకపోతున్నాం అని. దానికి 'కీమో బ్రెయిన్' అనే పేరు రోగుల మాటల్లోంచి వచ్చిందే. లంబసింగి చలికాలం చూసిన మనకు ఆ మంచు పోలిక బాగా తెలుస్తుంది. దారి ఉంటుంది, కానీ కనబడదు. నడిచేవాళ్ళు కాళ్ళు పోయినవాళ్ళు కారు, నెమ్మదిగా నడవాల్సినవాళ్ళు.

చాలాకాలం డాక్టర్లు కూడా దీన్ని దిగులు కిందో, అలసట కిందో తోసేశారు. 1990ల నుంచి పరీక్షలు పెట్టి చూడటం పెరిగాక ఇది నిజమైన మార్పేనని ఒప్పుకున్నారు. కారణం కీమో ఒక్కటే కాదని కూడా తేలింది. కొందరిలో కీమో మొదలు పెట్టకముందే కొంత మార్పు కనిపించింది. జబ్బు ఒంట్లో రేపే వాపు, ఆపరేషన్, స్టెరాయిడ్లు, హార్మోను మాత్రలు, రక్తహీనత, నిద్ర లేకపోవడం, నొప్పి, భయం అన్నీ కలిసి పనిచేస్తాయి. తలకు రేడియేషన్ ఇచ్చినవాళ్ళలో మార్పు ఇంకా ఎక్కువగా ఉండవచ్చు. చాలామందిలో చికిత్స ముగిసిన తర్వాత నెలలు గడిచేకొద్దీ నెమ్మదిగా మెరుగవుతుంది. కొందరిలో ఏళ్ళపాటు మిగిలిపోతుంది. దీన్ని పూర్తిగా తీసేసే మాత్ర ఇప్పటికి లేదు. నడక, మంచి నిద్ర, రోజూ ఒకే వరుసలో పనులు చేసుకోవడం, ఒకసారికి ఒకే పని పట్టుకోవడం సాయం చేస్తాయి.

ముసలితనంలో కొందరికి వచ్చే డిమెన్షియాకు, దీనికి తేడా ఉంది. డిమెన్షియా సాధారణంగా ఏడాదికేడాది ముదురుతుంది. ఇది అలా ముదరాలని లేదు. ఇంకో తేడా, ఈ మార్పు వచ్చినవాళ్ళకు తాము మరచిపోతున్నామని సాధారణంగా తెలుస్తూనే ఉంటుంది. ఆ తెలియడమే వాళ్ళకు పెద్ద బాధ.

అయితే ప్రతి మతిమరుపునూ కీమో ఖాతాలో వేసి ఇంట్లో కూర్చోబెట్టడం ప్రమాదం. థైరాయిడ్ తగ్గినా, బి12 విటమిన్ తగ్గినా, రక్తంలో సోడియం పడిపోయినా, కాల్షియం పెరిగినా, మనసు కుంగిపోయినా, ఇంకో జబ్బుకు వాడే మందు పడకపోయినా మనిషి ఇలాగే అవుతుంది. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. అందుకని ఒకసారి డాక్టరుకు చెప్పి రక్తపరీక్షలు చేయించాలి. మార్పు ఒక్కసారిగా వచ్చినా, జ్వరంతో మాట తేడాగా వచ్చినా, తలనొప్పితో వాంతులు అవుతున్నా, ఫిట్స్ వచ్చినా, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పినా ఆ రోజే ఆస్పత్రికి తీసుకుపోవాలి. సంత అయ్యాక చూద్దాం అనుకునే సంగతులు కావవి.

మన దగ్గర ఇంకో ప్రమాదం ఉంది, అది చిల్లంగి అనే మాట. జుట్టు లేని తలతో, బక్కచిక్కి, తనలో తాను మాట గుర్తు చేసుకుంటూ గొణిగే ఆడమనిషిని చూసి ఎవరో ఒకరు ఆ మాట అంటారు. మన ఏజెన్సీలో ఆ అనుమానంతో మనుషులను కొట్టిన, చంపిన సంఘటనలు పేపర్లలో మనమే చదివాం. లేదా, ఆమెకే ఎవరో చిల్లంగి పెట్టారని పక్కింటి మీదికి పోతారు. రెండూ ఒకే చీకటి. మందు వల్ల వచ్చిన మార్పుకు మందు పేరు పెడితే ఏ ఇంటి మీదా నింద పడదు. ఈ ఒక్క పని చదువుకున్న పిల్లలు చేయగలరు. ఊళ్ళో నలుగురు కూర్చున్న చోట "అది కీమో వల్ల అలా అవుతుంది, డాక్టర్లకు తెలిసిన సంగతే" అని నెమ్మదిగా చెప్పగలరు. ఆ మాటకు ఒక ప్రాణం విలువ ఉండవచ్చు.

ఎవరి కుంచంతో కొలుస్తున్నాం?

మా అమ్మకు రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్ తర్వాత 21 రోజులకు ఒకసారి చొప్పున 8 సార్లు కీమో, దాని మీద రేడియేషన్ ఇచ్చారు. ఇప్పుడు రోజూ హార్మోను మాత్ర వేసుకుంటుంది. మా ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడతాం. అమ్మకు సంత తెలుగు వచ్చు. మరచిపోతోందని మేం చెబితే ఒక ఆస్పత్రిలో ఆమెను కొన్ని ప్రశ్నలు అడిగారు. ఇవాళ ఏ తేదీ? ఇది ఏ నెల? 100లోంచి 7 తీసేస్తే ఎంత, అందులోంచి మళ్ళీ 7 తీసేస్తే ఎంత? అన్నీ తెలుగులో, గబగబా అడిగారు. అమ్మ చాలావాటికి జవాబు చెప్పలేదు.

కానీ జబ్బు రాకముందు అడిగినా అమ్మ వాటికి జవాబు చెప్పేది కాదు. ఆమె ఏనాడూ తేదీలతో బతకలేదు. ఇటుకల పండుగకు ముందా తర్వాతా, కొర్ర కొత్తకు ఇంకా ఎన్ని సంతలు ఉన్నాయి, వలిసె పూత వచ్చిందా రాలేదా అని అడిగితే ఆమె కాలం ఆమెకు తెలుసు. తీసివేతలు కాగితం మీద ఎప్పుడూ చేయలేదు. కుంచంతో, మానికతో, సోలతో చేసింది. ఆమెలో మార్పు రాలేదని నేను అనడం లేదు. వచ్చింది. ఆ ప్రశ్నలు చూపించింది మాత్రం ఆ మార్పును కాదు, ఆమె బడికి పోలేదన్న సంగతిని.

ఈ ఇబ్బందిని వైద్యులే గుర్తించిన సందర్భం ఒకటి ఉంది. హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతపు పల్లెల్లో ముసలివాళ్ళ జ్ఞాపకశక్తిని పరిశీలించిన బృందం, ఇంగ్లీషు దేశాల్లో తయారైన ప్రశ్నలు చదువు రాని పల్లెజనానికి పనికిరావని చూసింది. కొత్తగా ఒక హిందీ పరీక్ష తయారు చేసుకుని 1995లో ప్రచురించింది. చదివి చేయమనే చోట చూసి చేయమన్నారు. 7 తీసేసే లెక్క బదులు వారాల పేర్లు వెనక నుంచి ముందుకు చెప్పమన్నారు. కొలవదలచుకున్నది బడి చదువును కాదు, బుర్రను అని వాళ్ళకు తెలిసింది.

ఆదివాసీలను పరాయి కుంచంతో కొలవడం మనకు కొత్త కాదు. బడిలో మన పిల్లలకు ఇంటి భాష తప్ప ఇంకోటి రాని వయసులో "వీడికి బుర్ర లేదు" అన్న మాట ఎంతమంది మీద పడిందో టీచర్లకు తెలుసు. అదే అన్యాయం మన పెద్దవాళ్ళకు ఆస్పత్రిలోనూ ఎదురవుతుంది. మన ఇంట్లో మనమే అది చేస్తే మరీ అన్యాయం. చదువుకుని వచ్చిన కొడుకు, తల్లి ఫోన్ పాస్‌వర్డ్ మరచిపోయిందని, బ్యాంకు కాగితం తలకిందులుగా పట్టుకుందని ఆమెకు తెలివి పోయిందంటాడు. అదే రోజు పొద్దున ఆమె సొరబుర్రలోంచి చోడి విత్తనం తీసి, పురుగు పట్టినది ఏది, మొలిచేది ఏది అని వేళ్ళతోనే వేరు చేసి ఉంటుంది. దాన్ని ఎవరూ తెలివిగా లెక్కపెట్టరు.

కాబట్టి మనిషిలో ఏం పోయిందో చూసేముందు, ఆ మనిషి దేనితో బతికిందో చూడాలి. ఆస్పత్రికి తీసుకువెళ్ళేటప్పుడు ఇంటి భాష, తెలుగు రెండూ బాగా వచ్చినవాళ్ళు ఒకరు వెంట ఉండాలి. "జబ్బుకు ముందు ఈ పని ఇలా చేసేది, ఇప్పుడు ఇలా చేస్తోంది" అని డాక్టరుకు చెప్పాలి. పోల్చాల్సింది ఆమెను పట్నం మనిషితో కాదు, నిరుటి ఆమెతోనే.

తోడు, బదులు

సంతలో అమ్మకు కష్టమైంది లెక్క. పసుపు, రాజ్మా అమ్మేటప్పుడు ఒక పక్క కాటా చూడాలి, ఇంకో పక్క షావుకారు మాట వినాలి, మధ్యలో డబ్బు లెక్కపెట్టాలి. ఇదివరకు మూడూ ఒకేసారి చేసేది. ఇప్పుడు ఎవరైనా పలకరిస్తే లెక్క చెదిరిపోతుంది. మా ముందు రెండు దారులు కనిపించాయి. అమ్మను సంతకు పంపడం మానేసి అన్న వెళ్ళడం ఒకటి. ఏమీ జరగనట్టు ఆమెనే ఒంటరిగా పంపడం ఇంకొకటి. మొదటి దారిలో డబ్బు నిలుస్తుంది, మనిషి కూలిపోతుంది. రెండో దారిలో మనిషి నిలిచినట్టు కనిపిస్తుంది, కానీ మోసపోతుంది, సిగ్గుతో అది దాచుకుంటుంది.

మూడో దారిని అమ్మే చూపించింది. 8వ తరగతి చదివే మనవరాలు సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు వెంట తీసుకుపోతానంది. బడి ఉన్న రోజుల్లో పక్కింటి వదినను పిలుచుకుంటానంది. వెంట వెళ్ళినవాళ్ళు కాటా చూస్తారు, నోట్లు లెక్కపెడతారు. ధర అమ్మ చెబుతుంది. ఏ షావుకారుకు ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో, ఇవాళ అమ్మాలో వచ్చే సంతదాకా ఆగాలో అమ్మే చెబుతుంది. లెక్క వేరేవాళ్ళ చేతిలోకి వెళ్ళింది. నిర్ణయం ఆమె దగ్గరే ఉంది.

తోడు అంటే నేను చెప్పేది ఇదే. చేతికర్ర పట్టుకున్న మనిషి నడుస్తోంది అంటాం. కర్ర నడుస్తోంది అనం.

మన జాతుల్లో ఇది కొత్త సంగతి కూడా కాదు. మన జ్ఞానం ఎప్పుడూ ఒక్క తలలో లేదు. థింసా ఆటలో పాట ఒకరు ఎత్తుకుంటారు, ఒకరు అందుకుంటారు, మరచినచోట ఇంకొకరు కలుపుతారు. పాట ఎవరిది అని ఎవరూ అడగరు. పండుగ రోజు పెట్టేది దిసారి అయినా, నిరుడు వాన ఎప్పుడు పడిందో గుర్తు చేసేది నలుగురు పెద్దలు. కలిసి గుర్తుంచుకోవడం మన పద్ధతి. రాయడం లేని కాలంలో ఊరే పుస్తకం. అలాంటి ఊళ్ళో ఒకరి జ్ఞాపకం కొంత సడలితే మిగతావాళ్ళు కలపడం దయ కాదు, మామూలు పని. అయితే గొప్పలు చెప్పుకుని కూర్చోవడానికి కూడా లేదు. ఇప్పుడు పిల్లలు హాస్టళ్ళలో ఉన్నారు, పెద్దపిల్లలు పనులకు విశాఖ, హైదరాబాద్ పోయారు. కలిపేవాళ్ళు తగ్గిపోయారు. అందుకే పాత పద్ధతి దానంతట అది జరగదు, కావాలని చేయాలి.

ఏ పనికి ఎంత తోడు కావాలో ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఏం వండాలి, ఏం కట్టుకోవాలి, ఎవరింటికి పోవాలి, ఏ విత్తనం దాచాలి అన్నవి పూర్తిగా ఆమెవే. పొరపాటు జరిగినా పోయేదేమీ లేదు. మందుల వేళ, పొయ్యి మంట, డబ్బు లెక్క వంటి చోట ఒకరు పక్కన ఉండాలి. మాత్రలు వారం రోజుల పొట్లాలు కట్టి పెట్టవచ్చు. చదవడం రానివాళ్ళకు పొద్దు మాత్రకు సూర్యుడి బొమ్మ, రాత్రి మాత్రకు చంద్రుడి బొమ్మ చాలు. భూమి, అప్పు, ఆపరేషన్ వంటి పెద్ద నిర్ణయాల్లో తొందర పనికిరాదు.

ఆమె వద్దంటే?

ఇక్కడ కష్టమైన ప్రశ్న వస్తుంది. మరచిపోయే మనిషి "నాకు ఇంక మందు వద్దు, ఆస్పత్రికి రాను" అంటే ఏం చేయాలి? ఆమె మాట చెల్లుతుందంటే ప్రాణం మీదికి వస్తుంది. చెల్లదంటే బలవంతంగా లాక్కుపోవాలి.

నాకు తోచిన పద్ధతి ఇది. ఆమె అలసిపోని పొద్దుటి పూట, ఇంటి భాషలో, ఒకే విషయం అడగాలి. మందు ఎందుకు, మానేస్తే ఏం కావచ్చు, వేసుకుంటే ఏం బాధ అని తేలిక మాటల్లో చెప్పాలి. చెప్పింది ఆమె తన మాటల్లో తిరిగి చెప్పగలుగుతోందా? ఎందుకు వద్దో కారణం చెబుతోందా? రెండు రోజులు ఆగి మళ్ళీ అడిగితే అదే జవాబు వస్తోందా? ఈ మూడింటికీ అవును అయితే, ఆమె పేర్లు మరచిపోయినా, తేదీ చెప్పలేకపోయినా, ఆ నిర్ణయం ఆమెది. మనకు నచ్చకపోవచ్చు. వాదించవచ్చు, బతిమాలవచ్చు, డాక్టరుతో మాట్లాడించవచ్చు. చాలాసార్లు 'వద్దు' వెనుక ఇంకేదో ఉంటుంది. కీళ్ళ నొప్పులు ఉంటాయి, బస్సు చార్జీల భయం ఉంటుంది, కొడుకు పని పోతోందన్న దిగులు ఉంటుంది. కీళ్ళ నొప్పులకు డాక్టరు మందు మార్చవచ్చు. అడగనిదే అది బయటపడదు. "ఆమెకేం తెలుసు" అనుకున్న ఇంట్లో ఎవరూ అడగరు.

తనకు జబ్బే రాలేదని ఆమె అంటుంటే, చెప్పింది పూట తిరగకముందే జారిపోతుంటే, ఒక్కో రోజు ఒక్కో జవాబు వస్తుంటే అప్పుడు మనం నిర్ణయించక తప్పదు. అప్పుడైనా మనకు ఏది సులువో అది కాదు చూడాల్సింది. ఇన్నాళ్ళూ ఆమె దేనికి విలువ ఇచ్చింది, ఆమె నిండుగా ఉన్ననాడు ఈ ప్రశ్న వస్తే ఏమనేది అని చూడాలి. కొన్నిసార్లు అది కూడా స్పష్టంగా తేలదు. తేలనప్పుడు ఒక్కరే నిర్ణయించకుండా ఇంట్లో అందరూ, ఆడపిల్లలు కూడా కూర్చుని నిర్ణయించడం మేలు.

చట్టం కూడా ఈ సంగతిని ఒక మేరకు గుర్తించింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 12వ సెక్షను, ఒప్పందం చేసుకునే ఆ సమయంలో మనిషి దాన్ని అర్థం చేసుకుని తన మంచిచెడ్డలు ఆలోచించుకోగలదా లేదా అన్నదే చూడమంటుంది. మామూలుగా మతి సరిలేని మనిషి కూడా సరిగా ఉన్న వేళ ఒప్పందం చేసుకోవచ్చని అందులో ఉంది. అంటే తెలివి ఒకసారి ఆరితే మళ్ళీ వెలగని దీపం అని చట్టమే అనుకోవడం లేదు. మనం ఎందుకు అనుకోవాలి?

ఆ సెక్షనుకు ఇంకో వైపు కూడా ఉంది. అర్థం చేసుకోలేని వేళ చేయించుకున్న ఒప్పందం చెల్లదు. ఇది మన వేలిముద్రల సంగతి. 1970లో వచ్చిన 1/70 నిబంధన వల్ల ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. కానీ గిరిజనుడి పేరు అడ్డం పెట్టుకుని వచ్చేవాళ్ళు ఉన్నారు, అన్నదమ్ముల్లోనే తొందరపడేవాళ్ళు ఉన్నారు. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చే పట్టా పెళ్ళయినవాళ్ళకు భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలి. అది వారసులకు వస్తుంది తప్ప అమ్మడానికి, బదలాయించడానికి లేదు. అంటే అమ్మ పేరు ఆ కాగితం మీద ఊరికే లేదు. మరచిపోయే తల్లి చేయి పట్టుకుని వేలిముద్ర వేయించడం చాలా తేలిక. తేలిక కాబట్టే అది పెద్ద అన్యాయం. ఆమె పాల్గొనే ఏ కాగితమైనా ఇద్దరి ఎదుట, ఆమె భాషలో చదివి వినిపించి, మర్నాడు మళ్ళీ అడిగిన తర్వాతే ముద్ర పడాలని ఇంట్లో కట్టుబాటు పెట్టుకోవాలి.

దాచడమా, చెప్పడమా?

ఇంకో చిన్న ప్రశ్న. చిన్నదిగా కనిపిస్తుంది కానీ రోజూ ఎదురవుతుంది. ఆమె మరచిపోయినప్పుడు "నీకేం కాలేదమ్మా, అందరూ మరచిపోతారు" అని సర్దిచెప్పాలా, నిజం చెప్పాలా?

సర్దిచెప్పడం దయలా ఉంటుంది. కానీ తన తలలో ఏదో మారిందని ఆమెకు తెలుసు. మనం కాదంటే ఆమె తన భయంతో ఒంటరిగా మిగులుతుంది. నాకు పిచ్చి పడుతోంది, వీళ్ళు నా దగ్గర దాస్తున్నారు అనుకుంటుంది. "ఇది మందు వల్ల వచ్చిందమ్మా. ఈ మందు తీసుకున్న చాలామందికి వస్తుంది. మెల్లగా తగ్గవచ్చు. తగ్గేదాకా మేం గుర్తుపెట్టుకుంటాం" అంటే అందులో అబద్ధం లేదు, భయపెట్టడమూ లేదు. పేరు తెలిసిన కష్టం, పేరు తెలియని కష్టం కంటే మోయడానికి తేలిక.

నిజం చెప్పడం అంటే ప్రతి తప్పునూ నలుగురిలో దిద్దడం కాదు. ఇంటికి వచ్చిన చుట్టం ఎదుట ఆమె ఒకే కథ రెండోసారి చెబితే వినడం వల్ల ఎవరికీ నష్టం లేదు. మాత్ర రెండోసారి వేసుకోబోతే మాత్రం ఆపాలి. దిద్దకపోతే నష్టం ఉన్నచోట దిద్దాలి, లేనిచోట వదిలేయాలి. పిల్లలు ఆమె తడబాటును ఆటగా చేసి నవ్వుతుంటే ఆపాల్సింది పెద్దవాళ్ళు. ఆమె తనంతట తాను నవ్వుకుంటే అందరూ కలిసి నవ్వవచ్చు.

చూసుకునేది ఎవరు?

ఇంతవరకు తల్లి పక్షాన మాట్లాడాను. తోడు ఉండాలి అని చెప్పడం సులువు. ఉండేది ఎవరు? చాలా ఇళ్ళలో జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది, ఆడపిల్ల. ఇంటర్ చదివే కూతురిని హాస్టల్ నుంచి పిలిపిస్తారు. రెండు నెలలు అంటారు, ఏడాది అవుతుంది, పరీక్ష పోతుంది, ఆ తర్వాత పెళ్ళి అంటారు. తల్లికి చేసే న్యాయం కూతురికి అన్యాయంగా మారకూడదు. తల్లిదండ్రుల రుణం కొడుకు, కూతురు ఇద్దరిదీ. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం కూడా ఆ బాధ్యతలో కొడుకుకూ కూతురికీ తేడా పెట్టలేదు. సంత రోజు ఒకరు, ఆస్పత్రి రోజు ఒకరు, పొలం పనుల కాలంలో ఇంకొకరు అని వంతులు వేసుకోవాలి. ఊళ్ళో ఆశా కార్యకర్తకు సంగతి చెప్పి ఉంచాలి. తల్లిని కూడా అడగాలి. నా కోసం పిల్ల చదువు మానాలని ఎంతమంది తల్లులు కోరుకుంటారు?

చూసుకునేవాళ్ళకు విసుగు వస్తుంది. ఒకే ప్రశ్న పదోసారి వింటే ఎవరికైనా కోపం వస్తుంది. కోపం రావడం ప్రేమ లేకపోవడం కాదు, అలసట. ఆ పూట ఇంకొకరికి అప్పగించి కాసేపు బయట తిరిగి రావడం తప్పు కాదు. అలా అప్పగించడానికి ఇంకొకరు ఉండాలన్నదే నా వాదన.

టీచర్లకు ఒక మనవి. మీ తరగతిలో ఒక పిల్ల ఉన్నట్టుండి బడికి రావడం తగ్గిస్తే, వచ్చినా పరధ్యానంగా ఉంటే, ఇంట్లో ఏం జరుగుతోందో అడగండి. అమ్మకో నాన్నకో క్యాన్సర్ వైద్యం జరిగిందంటే ఈ మార్పు గురించి ఆ పిల్లకు చెప్పండి. మా అమ్మ నన్ను మరచిపోతోంది, నా మీద ప్రేమ పోయింది అని ఆ పిల్ల అనుకుంటూ ఉండవచ్చు. పేరు నోటికి రాకపోవడం వేరు, ప్రేమ పోవడం వేరు అని చెప్పేవాళ్ళు ఆ పిల్లకు కావాలి. పోయిన పాఠాలు చెప్పించి, పరీక్ష దాకా నిలబెట్టండి.

యువతకు ఒక పని. ఇంట్లో పెద్దవాళ్ళకు తెలిసిన విత్తనాలు, ఆకులు, పాటలు, ఊరి పాత సంగతులు వాళ్ళను అడిగి, వాళ్ళు ఒప్పుకుంటేనే, ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. పోతున్న మనిషి దగ్గర మిగిలింది లాక్కున్నట్టు మాత్రం చేయకండి. ఒక రోజు ఒకే సంగతి అడగండి. మాట ఆగిన చోట గబుక్కున అందించకుండా కాసేపు ఆగండి, చాలాసార్లు ఆ మాట వాళ్ళకే దొరుకుతుంది. ఆమె చెప్పిన ప్రకారం విత్తనం వేసి, మొలిచాక తీసుకువెళ్ళి ఆమెకు చూపించండి.

ఇక మొదటి ప్రశ్న. మరచిపోయే అమ్మ మాట చెల్లుతుందా? చెల్లుతుంది. ఆమెకు మనం ఇచ్చే గౌరవం ఆమె జ్ఞాపకశక్తికి ఇచ్చిన బహుమతి కాదు, జ్ఞాపకం తగ్గగానే వెనక్కి తీసుకోవడానికి. ఈసారి ఇంట్లో ఏదైనా సంగతి మాట్లాడుకోవడానికి కూర్చున్నప్పుడు ఆమెను గోడ పక్కన కాకుండా మధ్యలో కూర్చోబెట్టండి. విషయం నెమ్మదిగా చెప్పి, "నువ్వేమంటావమ్మా?" అని అడిగి, ఆమె మాట దొరికేదాకా ఆగండి.